రిజిస్టర్లలో మన పెద్దలు

(శతవార్షిక మహోత్సవ సందర్భమున జరిగిన సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన డయాసిస్ నూరేండ్లు నిండిన ఈ సంవత్సరమున, కుటుంబ చరిత్రను వెదకి తెలిసికొనుట ఎట్లు అన్న అంశము మీద నాలుగు మాటలు చెప్పవలసినదిగా కమిటీ వారు మమ్మును కోరినారు. మేము అన్నాచెల్లెళ్ళము. మాలో ఒకరు బడిపంతులుగాను, ఒకరు ఆసుపత్రి నర్సుగాను పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారము. చరిత్ర పండితులము కాము. ఒక్క పేరు కోసం మూడేండ్లు ఆఫీసుల చుట్టు, గుళ్ళ చుట్టు తిరిగినవారము, అంతే. ఆ తిరుగుటలో నేర్చుకొన్నది మీకు చెప్పెదము. మా కుటుంబపు పేర్లు గాని, ఊరి పేరు గాని చెప్పము. ఇది మా ఇంటి గొప్ప చెప్పుకొనే వేదిక కాదు. పైగా ఈ కథలో ఇంకొక కుటుంబము వారి మర్యాద కూడ ఇమిడి ఉన్నది.

సంగతి ఇట్లు మొదలైనది. మా ఊరి సమాధుల దొడ్డిలో మా ముత్తాతగారి గోరీ మీద రాయి లేదు. పిల్లలందరు తలా కొంత వేసుకొని రాయి వేయిద్దామన్నారు. రాయి చెక్కేవానికి ఇవ్వడానికి ఒక కాగితం మీద ముత్తాతగారి పేరు వ్రాసి, దాని క్రింద "ఆయన భార్య" అని వ్రాసినాము. ఎనభై అయిదు దాటిన మా మేనత్త ఆ కాగితం చదివించుకొని విన్నది. విని, "ఏరా, ఆవిడకు పేరు లేదా? నాకు గోరుముద్దలు పెట్టిన మా నాయనమ్మరా ఆవిడ. పేరు లేకుండా రాయేమిట్రా?" అన్నది.

"పేరేమిటత్తా?" అని అడిగినాము.

"నాకేం తెలుసు? మేమంతా అవ్వా అనేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు ఫలానావాడి తల్లీ అని పిలిచేవాళ్ళు. మీరు చదువుకున్నవాళ్ళు గదా, కనుక్కోండి" అన్నది.

మాకు సిగ్గు వేసినది. మత్తయి సువార్త మొదటి అధ్యాయము ప్రతి క్రిస్మసుకు చదువుకొంటాము. తామారు, రాహాబు, రూతు అని స్త్రీల పేర్లు అందులో వస్తాయి. వేల ఏండ్ల క్రిందటి మోయాబు స్త్రీ పేరు మాకు తెలుసు గాని, మా తాతను కన్న తల్లి పేరు మాకు తెలియదు.

ఇంకొక సంగతి కూడ ఇక్కడే చెప్పాలి. చెరువు క్రింద ఎకరం పదిహేను సెంట్ల చెక్క ఒకటి మనదేనని, ఫలానావారు మన పెద్దల అమాయకత్వము చూచి కాజేసినారని మేము చిన్నప్పటి నుండి ఇంట్లో వినేవాళ్ళము. మా నాయన ఆ ఇంట పెళ్ళికి పోలేదు, చావుకు పోలేదు. మేమును వారిని పలకరించి ఎరుగము. ఒకే ఊరిలో మూడు తరములుగా రెండిండ్ల మధ్య మాట లేదు. పేరు కోసం బయలుదేరిన మాకు ఈ రెండవ సంగతి కూడ దారిలో ఎదురగునని అప్పుడు తెలియదు.

మొదట చేయవలసిన పని ఏ ఆఫీసులోను లేదు, ఇంట్లోనే ఉన్నది. పెద్దలు బ్రతికి ఉండగానే అడగండి. వీలైతే ఆడవాళ్ళను ముందు అడగండి. మగవారు పొలాలు, తగవులు చెప్తారు. ఆడవారు ఎవరి కాన్పు ఎప్పుడు, ఎవరి పిల్ల ఎక్కడ ఇచ్చినారు అన్నది చెప్తారు. ఇంటి బైబిలు ముందటి తెల్ల కాగితములు, వెనుకటి కాగితములు చూడండి. పుట్టిన తేదీలు అక్కడ వ్రాసుకొనే అలవాటు మన వారికి ఉండెడిది.

పెద్దలు తేదీలు చెప్పరు, సంవత్సరముల పేర్లు చెప్తారు. అవి అరువది ఏండ్లకొకసారి తిరిగి వస్తాయి గనుక లెక్క కట్టవచ్చు. ప్రభవ 1867లో వచ్చినది, 1927లో వచ్చినది, 1987లో వచ్చినది. ఆ లెక్కన "ధాత కరువు" అంటే 1876లో మొదలైన పెద్ద కరువు. "నందన కరువు" అంటే 1832 నాటి గుంటూరు కరువు. "బందరు ఉప్పెన" అంటే 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ముప్పది వేల మందిని పొట్టన పెట్టుకొన్న ఉప్పెన. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఒక మనిషి పుట్టుక ఏ ఉప్పెనకు ముందో వెనుకో తెలిస్తే చాలు, ఏ పుస్తకము విప్పవలెనో తెలిసిపోతుంది. అయితే ఇంట్లో విన్న మాటను విన్న మాటగానే వ్రాసుకోండి. రుజువైన సంగతి అని వ్రాసుకోకండి. ఈ తేడా మేము ఆలస్యముగా నేర్చుకొన్నాము.

రెండవది గుడి. ఈ రిజిస్టర్లు వ్రాయు పద్ధతి మన వారు ఇంగ్లండు సంఘము నుండి తీసుకొన్నది. ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున 1538లో థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిషులోను బాప్తిస్మములు, వివాహములు, సమాధులు ఒక పుస్తకములో వ్రాయవలెనని ఉత్తరువు చేసినాడు. ఈ పాత పుస్తకములు చాలా మట్టుకు నేడు ఆ దేశములోని కౌంటీ రికార్డు ఆఫీసులలో ఉన్నవి. కూలివాని మునిమనుమడు కూడ అక్కడ బల్ల ముందు కూర్చొని తన పెద్దల పేర్లు చూచుకొనవచ్చును. మన దేశములో లండన్ మిషను వారు 1805లో విశాఖపట్నమునకు, చర్చి మిషనరీ సొసైటీకి చెందిన నోబుల్, ఫాక్స్ దొరలు 1841లో మచిలీపట్నమునకు వచ్చినారు. వివాహముల సంగతిలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము వచ్చిన తరువాత పుస్తకము వ్రాయుట ఆచారము మాత్రమే గాక చట్టము కూడ అయినది.

బాప్తిస్మపు రిజిస్టరులో సాధారణముగా తేదీ, పేరు, వయస్సు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చిన గురువు సంతకము ఉంటాయి. పెద్దవారైతే కొన్ని చోట్ల పాత పేరు, క్రొత్త పేరు రెండును వ్రాసినారు, కొన్ని చోట్ల క్రొత్త పేరే వ్రాసినారు. చిక్కు అక్కడే వస్తుంది. పల్లెలో ఆమెను పుట్టినప్పటి పేరుతోనే పిలుస్తారు, రిజిస్టరులో బైబిలు పేరు ఉంటుంది. ఇంటిపేరు చాలా చోట్ల ఉండదు. ఊరి పేరు, పల్లె పేరు ఉంటాయి. కనుక ఇంటిపేరు పట్టుకొని వెదకితే ఏమీ దొరకదు. ఊరు పట్టుకొని వెదకవలెను.

ఇంకొక చిక్కు, మన ఊరు ఆనాడు ఏ పాస్టరేటులో ఉండెనో తెలిసికొనుట. ఇప్పుడు మన ఊరిలో గుడి ఉన్నంత మాత్రమున ఆనాటి పుస్తకము అక్కడే ఉండదు. ఉపదేశి వారము వారము నడచి వచ్చిన ఊళ్ళ పేర్లన్నీ పెద్ద స్టేషనులోని పుస్తకములో ఎక్కినవి. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. అంతకు ముందు మన ఊరు ఏ మిషను క్రింద ఉండెనో తెలిసికొంటే గాని దారి దొరకదు. దొరలు తమ దేశమునకు పంపిన ఉత్తరములు, రిపోర్టులు ఈనాటికి భద్రముగా ఉన్నవి. చర్చి మిషనరీ సొసైటీ కాగితములు బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయములోను, లండన్ మిషను కాగితములు లండనులోను, ఎస్.పి.జి. వారి కాగితములు ఆక్స్‌ఫర్డులోను ఉన్నవి. మన దేశములో బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో సంఘ చరిత్ర కాగితముల భాండారము ఉన్నది.

మేము మొదట వెళ్ళిన చోట పాత పుస్తకములు గుడి వెనుక గదిలో ఒక పాత దుప్పటిలో మూటకట్టి ఉన్నవి. మూట విప్పితే సగము చెదపుట్ట. ఆ గురువుగారు చిన్నవారు, ఆ మూట అక్కడ ఉన్నదని వారికే తెలియదు. వారును మాతోపాటు నేల మీద కూర్చొని కుంచెతో మట్టి దులిపినారు. రెండవ చోట పెద్దాయన ఒకరు మమ్మును చూచి, "పొలం తగాదాయా? సర్టిఫికేటు తగాదాయా?" అని అడిగి, కాదన్నా నమ్మక మూడుసార్లు త్రిప్పినారు. ఆయనను మేము తప్పు పట్టము. ఎందుకు తప్పు పట్టమో తరువాత చెప్పెదము.

మూడవ చోట మా పల్లె పేరు దొరికినది. ఒకే ఆదివారమున పదునొకండు కుటుంబములు. మా ముత్తాతగారి పాత పేరు, క్రొత్త పేరు రెండును ఉన్నవి. కాని ఆ పుటలో మగవారినందరిని ముందు వరుసగా వ్రాసి, తరువాత స్త్రీలను వరుసగా వ్రాసినారు. ఎవరు ఎవరి భార్యయో వ్రాయలేదు. పైగా ఆ స్త్రీలలో ముగ్గురికి ఒకే బైబిలు పేరు. వారి పాత పేర్లు ప్రక్కన చిన్న అక్షరములతో ఉన్నవి. వయస్సులు దగ్గర దగ్గరవే. ఆ ముగ్గురిలో మా అవ్వ ఎవరు? అత్తయ్యకు ఫోను చేసి మూడు పేర్లు చదివినాము. ఆమె చాలాసేపు ఊరకుండి, "నాకు తెలియదమ్మా. తెలుసని చెబితే అబద్ధమవుద్ది" అన్నది. ఆ వయస్సులో, అంత ఆశ పెట్టుకొని కూడ, ఏదో ఒక పేరు చెప్పి తృప్తి పడక అట్లు చెప్పినందుకు ఆమెకు మేము ఋణపడి ఉన్నాము.

అప్పుడు మూడవ తావునకు వెళ్ళినాము. అది సర్కారు రికార్డు. ఇక్కడ మొదట తెలిసికొనవలసినది జిల్లాల సంగతి. మన ఊరు కదలలేదు గాని జిల్లా కదిలినది. ఒంగోలు ప్రాంతము 1904 వరకు నెల్లూరు జిల్లా, తరువాత గుంటూరు జిల్లా, 1970 నుండి ఒంగోలు జిల్లా, అదే తరువాత ప్రకాశం జిల్లా. గుంటూరు జిల్లాను 1859లో కృష్ణాలో కలిపి 1904లో మరల వేరు చేసినారు. పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడినది. తాలూకాలు పోయి 1985లో మండలములు వచ్చినవి. తెలంగాణలో 2016లోను, ఆంధ్రలో 2022లోను జిల్లాలు మరల ముక్కలైనవి. కనుక తాతగారి కాగితము కోసము నేటి జిల్లా ఆఫీసుకే వెళ్ళి లేదనిపించుకొని తిరిగి రాకండి. ఆనాటి జిల్లా ఏదో, ఆనాటి తాలూకా ఏదో ముందు ఒక కాగితము మీద వ్రాసుకోండి.

గ్రామ లెక్కలు కరణముగారి ఇంట ఉండేవి. 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయినప్పుడు అవి సర్కారు చేతికి వచ్చినవి. వాటిలో అడంగలు ఏటేటా ఏ పొలములో ఏమి పండినది, ఎవరు సాగు చేసినారు అన్నది చెప్తుంది. సర్వే సెటిల్మెంటు రిజిస్టరు నంబరు వారీగా పట్టాదారు పేరు చెప్తుంది. అది తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలలో ఉండుటచేత డైగ్లాట్ అంటారు. తెలంగాణ ప్రాంతము వారు సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడవలెను. అక్కడి పాత కాగితములు ఉర్దూలో ఉంటాయి గనుక చదివేవారిని వెంట తీసుకొని వెళ్ళండి. ఈ లెక్కలలో సంవత్సరము ఫసలీలో ఉంటుంది. ఆంధ్ర జిల్లాలలో ఫసలీకి 590 కలిపితే ఆ జూలైతో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరము వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుండి 1891 జూన్ వరకు. ఈ చిన్న లెక్క తెలియక మేము రెండు నెలలు పోగొట్టుకొన్నాము.

చెరువు క్రింద చెక్క సర్వే నంబరు మా నాయన నోట విని విని మాకు కంఠతా వచ్చును. రిజిస్టరులో ఆ నంబరు తీయించి చూచినాము. పట్టా మా ముత్తాతగారి పేరున లేదు. మేము నిందించే ఇంటివారి పేరునను లేదు. మేమెన్నడును వినని ఒక పెద్దమనిషి పేరున ఉన్నది. మాలో ఒకరము, "ఇంకేమి, మన కథంతా వట్టిదే" అన్నాము. రెండవవారము ఆ పేరును నోటు పుస్తకములో వ్రాసుకొన్నాము. మీకు మా సలహా ఇదే. అర్థము కాని పేరును పారవేయకండి, వ్రాసుకోండి.

నాలుగవది బడి. మా తాతగారు మిషను బోర్డింగు బడిలో చదివి ఉపాధ్యాయుడైనారు. బడి అడ్మిషను రిజిస్టరులో ఆయన చేరిన నెల, తండ్రి పేరు, ఊరు దొరికినవి. తల్లి పేరు ఉండదు, ఆ గడి ఆనాడు లేదు. బడి రిజిస్టరులోని పుట్టిన తేదీని మాత్రము నమ్మకండి. మాలో ఒకరము బడిపంతులము గనుక చెప్తున్నాము. పిల్లవాని ఎత్తు చూచి తేదీ వేసినది మేమే. కాని చేరిన తేదీ నిజము. ఆయన చేరినది జూన్ నెల. ఆ సంవత్సరమును వ్రాసుకొన్నాము.

అయిదవది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. నూరు రూపాయలు, అంతకు పైబడిన స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు కాగితము మీదనే జరుగవలెనని చట్టము. రిజిస్టరైన ప్రతి కాగితమునకు నకలు అక్కడి పుస్తకములో ఎక్కుతుంది. వెదకుటకు రెండు సూచికలు ఉంటాయి. ఒకటి మనుషుల పేర్ల ప్రకారము, రెండవది ఆస్తి ప్రకారము. రుసుము కట్టి వెదకించుకొనవచ్చును. తాతగారు బడిలో చేరిన ఏడు మొదలుకొని వెనుకకు వెదకించినాము. అదే వేసవిలో, మే నెలలో, ఆ సర్వే నంబరు మీద ఒక విక్రయ దస్తావేజు దొరికినది.

గుమాస్తాగారు చదువుతుంటే మేము విన్నాము. వ్రాసి ఇచ్చినవారు ఇద్దరు. మొదటి పేరు మా ముత్తాతగారిది కాదు. ఒక స్త్రీది. ఫలానా వాని కుమార్తె, ఫలానా వాని భార్య, కూలి వృత్తి, క్రైస్తవ మతము అని ఉన్నది. తండ్రి పేరు ఏది? మేము నోటు పుస్తకములో వ్రాసుకొన్న పట్టాదారు పేరు. భర్త పేరు ఏది? మా ముత్తాతగారిది. ఆమె పాత పేరు ఏది? గుడి రిజిస్టరులో మూడవ స్త్రీ ప్రక్కన చిన్న అక్షరములతో ఉన్న పేరు. ఆ చెక్క ఆమె తండ్రి ఆమెకు పసుపు కుంకుమ క్రింద ఇచ్చినది. అమ్ముటకు కారణము కూడ వ్రాసి ఉన్నది. పెద్ద కుమారుని చదువు నిమిత్తమును, చేబదుళ్ళు తీర్చు నిమిత్తమును అని. కొన్నవారు ఎవరో మీరు ఊహించి ఉంటారు. మేము మూడు తరములుగా దొంగలన్నవారు. సొమ్ము రిజిస్ట్రారు ఎదుట రొక్కముగా ముట్టినట్లు ఉన్నది. చివర ఆమె పేరు, ఆ పేరు వద్ద "నిశాని" అన్న మాట.

సహోదరులారా, ఆ చెక్కను ఎవరును కాజేయలేదు. మా అవ్వ తన పుట్టింటి భూమిని అమ్మి కొడుకును బడికి పంపినది. ఆ చదువు మీదనే మా తాత పంతులైనాడు, మా నాయన చదివినాడు, మేము చదివినాము. ఆమె మాకు ఇచ్చినదానినే మేము పోగొట్టుకొన్నామని ఏడ్చినాము. ఇచ్చిన ఆమె పేరు మరచి, కొన్నవారి పేరు మాత్రము నిందించుటకు జ్ఞాపకము పెట్టుకొన్నాము.

తెలిసిన తరువాత ఊరకుండ వీలులేదు. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత ఇద్దరము ఆ ఇంటికి వెళ్ళినాము. ఇంటి పెద్దాయన అరుగు మీద ఉన్నారు. మమ్మును చూచి లేచినారు. జరిగినది చెప్పి, "మా ఇంట్లో మీ పెద్దలను అనరాని మాట అన్నాము, క్షమించమని అడుగ వచ్చినాము" అన్నాము. ఆయన ఏమీ అనక లోపలికి పోయి ఒక రేకు పెట్టె తెచ్చినారు. అసలు దస్తావేజు కొన్నవారి దగ్గర ఉంటుంది గదా. ఆఫీసు పుస్తకములో మేము చూచినది నకలు గనుక అందులో "నిశాని" అన్న మాటే ఉన్నది. ఈ కాగితము మీద ఆమె వేలిముద్ర ఉన్నది. "మా తాత చెప్పేవాడమ్మా. పొలం అప్పగించిన రోజున ఆవిడ గట్టు మీద చాలాసేపు కూర్చుని లేచి, మారు మాట్లాడకుండా ఇంటికి పోయిందంట" అన్నారు ఆయన. మజ్జిగ త్రాగి వచ్చినాము. ఆ ఏడు క్రిస్మసుకు ఆ ఇంటికి మా ఇంటి నుండి పిండివంటలు వెళ్ళినవి.

ఆయన అనుమతితో ఆ కాగితమునకు ఫొటో తీసుకొని వచ్చి అత్తయ్యకు చూపినాము. ఆమె పేరును రెండు మూడుసార్లు పైకి అనుకొన్నది. తరువాత, "రాయి మీద రెండు పేర్లూ వేయించండి. పుట్టినప్పుడు అమ్మానాన్న పెట్టిందీ, గుళ్ళో పెట్టిందీ" అన్నది. బాప్తిస్మపు పేరు చాలదా అని ఇంట్లో కొందరన్నారు. "పొలం అమ్మింది ఆ పాత పేరుతోనే గదరా" అన్నది. రాయి మీద ఇప్పుడు రెండు పేర్లు ఉన్నవి. అత్తయ్య ఆ రాయి చూచినది. తరువాతి ఏడు ప్రభువు నందు నిద్రించినది.

ఇప్పుడు ఆ పెద్దాయన మమ్మును ఎందుకు అనుమానించినారో చెప్పెదము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా హిందువులకు, 1956 నుండి సిక్కులకు, 1990 నుండి బౌద్ధులకు వర్తించినది గాని క్రైస్తవులకు వర్తింపలేదు. దీనివలన మన ఇండ్లలో ఒకే మనిషికి బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉండుట మనమందరము ఎరిగినదే. గుడి పుస్తకములో ఒకరి పేరు చూచి, దానిని పట్టుకొని ఇంకొకరి బ్రతుకు మీదికి పోయినవారు ఉన్నారు. కనుక చేతులు జోడించి మనవి చేస్తున్నాము. మీ పెద్దల కోసం వెదకండి, పొరుగువాని పెద్దల కోసం వెదకకండి. బ్రతికి ఉన్నవారి సంగతి ఏది కనబడినను ఆ పుట అక్కడే మూసివేయండి. తండ్రి పేరు లేని శిశువులు, విడిచిపెట్టబడిన స్త్రీలు, కరువులో అనాథలైన పిల్లలు ఆ పుస్తకములలో ఉన్నారు. వారి గౌరవము మన చేతిలో ఉన్నది.

మరి కొందరి పెద్దలు ఈ జిల్లా పుస్తకములలో అకస్మాత్తుగా మాయమైపోతారు. వారు సముద్రము దాటి ఉండవచ్చును. 1860 నవంబరులో మద్రాసు నుండి ట్రూరో అను ఓడ మొదటి కూలీలను నెటాలుకు చేర్చినది. 1911 వరకు అట్లు నెటాలు వెళ్ళినవారు 1,52,184 మంది. వారిలో తెలుగువారు చాలా మంది ఉన్నారు. ఆ ఓడ పట్టీలలో ప్రతివాని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు వ్రాసి ఉన్నవి. ఆ పట్టీలు నేటికిని దక్షిణ ఆఫ్రికాలో ఉన్నవి. అక్కడివారు తమ ముత్తాత ఊరు వెదకుకొంటూ ఇక్కడికి వస్తే, వారికి జవాబు చెప్పవలసినది మన ఊరి పుస్తకమే. ఆ పుస్తకమును చెదలు తిని ఉంటే ఏమి చెప్పగలము?

కావున ఈ శతవార్షికమున మా విన్నపములు కొన్ని.

ఒకటి. ప్రతి పాస్టరేటులోను ఏయే పుస్తకములు, ఏ సంవత్సరము నుండి ఏ సంవత్సరము వరకు ఉన్నవో ఒక జాబితా తయారుచేయవలెను. దీనికి డబ్బు అక్కరలేదు, ఒక శనివారము చాలును.

రెండు. పాత పుస్తకములను నేల మీదను, గోడకు ఆనించియు పెట్టరాదు. ఇనుప బీరువా ఒకటి కొనవలెను. చిరిగిన పుటలకు అంటించే టేపు వేయరాదు. అది కొన్నాళ్ళకు అక్షరములను కూడ ఊడబెరుకుతుంది.

మూడు. యౌవనస్థుల దగ్గర మంచి ఫోనులు ఉన్నవి. గురువుగారి ఎదుట, వారి అనుమతితో ప్రతి పుటకు ఫొటో తీసి రెండు చోట్ల భద్రపరచవలెను. పెండ్లి ఫొటోలకు చూపే శ్రద్ధలో పదవ వంతు చాలును.

నాలుగు. ఇంగ్లండులో 1978 నాటి శాసనము ప్రకారము నూరేండ్లు దాటిన పారిషు పుస్తకములను డయాసిస్ రికార్డు ఆఫీసుకు అప్పగించవలెను, లేదా చట్టము చెప్పినట్లు భద్రముగా ఉంచుతున్నామని చూపవలెను. మన డయాసిస్ ఆఫీసులో కూడ అట్టి గది ఒకటి ఏర్పాటు చేయవలసినదిగా పెద్దలను ప్రార్థిస్తున్నాము. చూడవచ్చినవారి పేరు, ఏమి చూచినారో వ్రాసుకొనే పుస్తకము కూడ ఆ గదిలో ఉండవలెను.

అయిదు. ఇకమీదట వ్రాసే పుస్తకములలో తల్లి పేరు పూర్తిగా, ఆమె పుట్టింటి పేరుతో సహా వ్రాయవలెను. నూరేండ్ల తరువాత ఎవరో ఒక మేనత్త అడుగుతుంది.

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో ఒక సంగతి ఉన్నది. చెరనుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు తమ వంశావళి పుస్తకములో తమ పేర్లు వెదకినారు, అవి దొరకలేదు. అందువలన వారు యాజకత్వము నుండి తొలగింపబడినారు. ఆ భాగము చదివినప్పుడు మేము తొలగింపబడినవారి తప్పు ఏమో అని ఆలోచించేవాళ్ళము. ఇప్పుడు ఆ పుస్తకము సరిగా దాచనివారు ఎవరో అని ఆలోచిస్తున్నాము.

ఈ నూరేండ్ల పండుగలో బిషప్పుగార్ల పేర్లు, దొరల పేర్లు, గుళ్ళు కట్టించినవారి పేర్లు చదువుకొన్నాము, అది న్యాయమే. వారు బాప్తిస్మమిచ్చిన వేలాది కూలిజనుల పేర్లు ఆ దుప్పటి మూటలలో ఉన్నవి. ఈ సభ ముగిసి ఇండ్లకు వెళ్ళిన తరువాత మీ ఇంట్లోని పెద్దావిడ దగ్గర కూర్చొని, "నీ నాయనమ్మ పేరేమిటి?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆమె చెప్పినది వ్రాసుకోండి. చెప్పలేకపోతే రేపే బయలుదేరండి.

దేవుడు మన పెద్దలను జ్ఞాపకము చేసుకొన్నట్లు మనమును జ్ఞాపకము చేసుకొనుటకు ఆయన కృప మనకు తోడైయుండును గాక.